1880ల అమెరికాలో డబ్బున్నోళ్ళు ఏం తినేవాళ్ళు, కూలోళ్ళు ఏం తినేవాళ్ళు?

మీరు అడిగినవి మూడు. ఒకటి, అమెరికాలో ఒకప్పుడు లాబ్‌స్టర్ (పెద్ద గోళ్ళుండే, రొయ్యలాంటి సముద్రపు జీవి) పేదోళ్ళ తిండి అనీ, పనివాళ్ళు "వారానికి మూడుసార్లకి మించి పెట్టకూడదు" అని కాంట్రాక్టులో రాయించుకునేవాళ్ళనీ ఏదో రీల్‌లో చూశారు, అది నిజమా కాదా. రెండు, 1870 నుంచి 1900 దాకా అక్కడ పెద్దోళ్ళ భోజనానికీ కూలీల భోజనానికీ అసలు తేడా ఏంటి. మూడు, ఆ రోజుల్లో మన వంట అక్కడ ఎక్కడైనా దొరికేదా. నేను హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకి చాలా ఏళ్ళుగా మెనూల చరిత్ర చెప్తున్నా, ఈ లాబ్‌స్టర్ డౌట్ ప్రతి బ్యాచ్‌లో ఎవడో ఒకడికి వస్తుంది, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఆ కాంట్రాక్టు సంగతి. అలాంటి కాగితం ఒక్కటి కూడా ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. ఇదే కథ ఇంగ్లండ్‌లో సాల్మన్ చేప మీద చెప్తారు, అక్కడా కాగితం లేదు. తెల్లవాళ్ళు వచ్చిన కొత్తలో న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య మూల) తీరంలో లాబ్‌స్టర్ కుప్పలు తెప్పలుగా దొరికేది, దాన్ని పెద్ద గొప్పగా చూసేవాళ్ళు కాదు, అంతవరకూ నిజం. కానీ మీరడిగే కాలానికి వ్యవహారం మారిపోయింది. 1840ల నుంచే మెయిన్ రాష్ట్రంలో డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలు వచ్చాయి, తర్వాత రైళ్ళు, ఐస్ వచ్చి బతికున్న లాబ్‌స్టర్ బోస్టన్, న్యూయార్క్ హోటళ్ళకి చేరడం మొదలైంది. 1876లో డెల్మోనికోస్‌లో లాబ్‌స్టర్ న్యూబర్గ్ అని మీగడ, కోడిగుడ్డు సొన, షెర్రీ అనే వైను పోసి వండే వంటకం పుట్టిందని చెప్తారు, డెల్మోనికోస్ అంటే న్యూయార్క్‌లో అత్యంత ఖరీదైన రెస్టారెంట్లలో ఒకటి. అంటే ఆ టైముకే అది పెద్దోళ్ళ బల్ల ఎక్కేసింది. రీల్ చేసినాయన రెండు వందల ఏళ్ళని ఒక్క ముక్కలో కలిపేశాడు అంతే.

నిజంగా అందరూ తిన్నది ఆయిస్టర్లు, అంటే గట్టి చిప్పల్లో ఉండే మెత్తటి సముద్రపు జీవులు, పచ్చిగానే తినేవాళ్ళు. న్యూయార్క్ చుట్టూ నీళ్ళలో అవి అంత విపరీతంగా ఉండేవి, వీధిలో బండి మీద అమ్మేవాళ్ళు, నేలమాళిగల్లో ఆయిస్టర్ కొట్లు ఉండేవి, 19వ శతాబ్దం మొదటి సగంలో అయితే కెనాల్ స్ట్రీట్ దగ్గర 6 సెంట్లు ఇస్తే తిన్నన్ని పెట్టేవాళ్ళు. అదే ఆయిస్టర్ ఓడరేవు కూలీ బండి దగ్గర నిలబడి వెనిగర్ చల్లుకుని చేత్తో లాగించేవాడు, ఫిఫ్త్ అవెన్యూ దొరగారింట్లో అయితే గుంటలు గుంటలుగా చేసిన ప్రత్యేకమైన పింగాణీ ప్లేటులో లెక్కపెట్టి అయిదో ఆరో పెట్టేవాళ్ళు, దానికో చిన్న మూడు ముళ్ళ ఫోర్కు, దాని పక్కన తెల్ల వైను. సరుకు ఒకటే. ఆ కాలంలో అమెరికాలో క్లాస్ ఎక్కడ కనబడిందో చూడాలంటే ప్లేట్లో ఏముంది అని కాకుండా ఎవరు వడ్డించారు, దేంతో తిన్నారు, ఏ సీజన్లో తిన్నారు, మాంసంలో ఏ కోత, అంటే పశువులో ఏ భాగం తిన్నారు, ఇవి చూడాలి. నేను ఈ మొత్తం సబ్జెక్టుని చూసే పద్ధతే ఇది, మిగతా వాళ్ళు వేరేగా చెప్పొచ్చు.

మాంసం విషయం తీసుకోండి. మనవాళ్ళలో చాలామంది పేదోళ్ళంటే మాంసం లేని వాళ్ళు అనుకుంటారు, యూరప్‌లో పల్లెల నుంచి వచ్చినోళ్ళకి అది చాలావరకూ నిజమే, పండక్కో పబ్బానికో తప్ప మాంసం ముట్టని వాళ్ళే ఎక్కువ. కానీ అమెరికాలో ఫ్యాక్టరీ కూలీ ఇంట్లో మాంసం చాలా మామూలు. దీని వెనక చికాగో ఉంది. 1865లో అక్కడ యూనియన్ స్టాక్‌యార్డ్స్ తెరిచారు. అప్పట్లో పశువుల్ని బతికుండగానే రైలెక్కించి తూర్పుకి పంపేవాళ్ళు, అందులో సగానికి పైగా బరువు ఎముకలు, తోలు, పేగులు, తినడానికి పనికిరానిదానికి కూడా రైలు కిరాయి కట్టాల్సిందే, పైగా దారిలో చచ్చేవి చచ్చేవి. గస్టావస్ స్విఫ్ట్ అనే మాంసం వ్యాపారి 1870ల చివర్లో ఇంజనీరు చేత ఐస్ పెట్టే రైలు పెట్టె డిజైన్ చేయించి చికాగోలోనే కోసి మాంసం మాత్రం పంపడం మొదలెట్టాడు. పశువుల పెట్టెల మీద డబ్బు పెట్టిన రైల్వే కంపెనీలు ఒప్పుకోకపోతే కెనడా మీదుగా తిరిగెళ్ళే గ్రాండ్ ట్రంక్ లైనుతో మాట్లాడుకున్నాడు. స్థానిక కసాయివాళ్ళు గోల పెట్టారు గానీ మాంసం రేటు దిగింది, జనం కొన్నారు.

ఇక తేడా కోతలో వచ్చింది. వీపు లోపలి మెత్తటి ఫిలెట్ పెద్దోళ్ళకి, మెడ, కాలి ఎముక, పొట్ట కండ, ఉప్పులో ఊరేసిన పంది మాంసం కూలీలకి. అలాగని కూలీ ఎప్పుడూ చవక కోతే కొనేవాడు కాదు, జీతం చేతికొచ్చిన శనివారం మంచి స్టేక్ కొనేవాడు, దాని మీద తర్వాత పెద్ద రగడే అయింది, చెప్తా. 1875లో మసాచుసెట్స్ లేబర్ బ్యూరో 397 కార్మిక కుటుంబాల జమాఖర్చు లెక్క తీస్తే ఖర్చులో సగానికి పైగా తిండికే పోయింది. 1901 నాటికి కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం మీద చేసిన సర్వేలో అది నూటికి 40 పైచిలుకుకి దిగింది. అంటే రేటు తగ్గింది కదా అని తిండి ఖర్చు చిన్నదైపోలేదు, ఒక నెల పని పోతే ముందు దెబ్బ పడేది వంటింటి మీదే.

పెద్దోళ్ళ బల్ల సంగతికొద్దాం. అంతకుముందు డబ్బున్నోళ్ళ ఇళ్ళలో కూడా గిన్నెలన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టేసేవాళ్ళు, ఇంటాయన స్వయంగా మాంసం కోసి అందరికీ వడ్డించేవాడు. 1870, 80ల్లో రష్యన్ పద్ధతి అని ఒకటి ఊపందుకుంది. బల్ల మీద పూలు, పళ్ళు, కొవ్వొత్తులు తప్ప తిండే కనబడదు, పక్కన సైడ్‌బోర్డు దగ్గర కోసి సేవకులు ఒక్కో కోర్సూ వెనక నుంచి తెచ్చి చూపిస్తారు. ఆయిస్టర్లు, సూపు, చేప, మాంసం, నడుమ నోరు శుభ్రం చేసుకోవడానికి చల్లటి షర్బత్, తర్వాత అడవి పక్షి, సలాడ్, తీపి, పళ్ళు, కాఫీ, ఇలా పదో పన్నెండో కోర్సులు. మెనూ మొత్తం ఫ్రెంచిలోనే. ఇది నడవాలంటే ముగ్గురు నలుగురు అతిథులకి ఒక సేవకుడైనా ఉండాలి, కాబట్టి ఆ భోజనం అసలు చూపించేది వంటకాల్ని కాదు, జీతగాళ్ళ లెక్కని. దీనికి తోడు 1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి గని బయటపడ్డాక వెండి చవకైంది, వెండి సామాన్ల కంపెనీలు ఊరుకుంటాయా, చేపకో ఫోర్కు, సలాడ్‌కో ఫోర్కు, ఐస్‌క్రీమ్‌కో ఫోర్కు, తాబేలు కూరకి కూడా వేరే ఫోర్కు తయారుచేసి అమ్మాయి. ఏది ఎప్పుడు ఎత్తాలో తెలీని కొత్త డబ్బు వాడు అక్కడే దొరికిపోయేవాడు.

తాబేలు కూర అంటే నవ్వొచ్చిందా? ఆ కాలం అమెరికన్ విందులో అన్నిటికంటే గొప్ప వంటకాలు రెండు, ఉప్పునీటి తాబేలు టెర్రాపిన్, కాన్వాస్‌బ్యాక్ బాతు. రెండూ ఎక్కువగా చెసపీక్ అఖాతం నుంచి వచ్చేవి. టెర్రాపిన్‌ని ఉడకబెట్టి చిప్ప వలిచి వెన్న, మీగడ, గుడ్డు సొన, షెర్రీతో వండేవాళ్ళు. బాతుని అయితే మండే పొయ్యిలో కొద్ది నిమిషాలే కాల్చి లోపల ఎర్రగా రక్తం ఓడుతుండగానే తేవాలి, ఎక్కువ కాలిస్తే వంటవాడికి చీవాట్లే. ఆ బాతు నీళ్ళలో పెరిగే ఒక రకం గడ్డి దుంపలు తిని రుచి తెచ్చుకునేది, దాన్ని ఫారంలో పెంచి ఆ రుచి తేలేరు, అదే దాని విలువ. ఎంత వేటాడారంటే రెండూ దాదాపు కనబడకుండా పోయే దాకా వేటాడారు. మధ్యతరగతి వాళ్ళు దూడ తలకాయ ఉడకబెట్టి "మాక్ టర్టిల్" సూపు చేసుకుని తాబేలు అనుకుని తాగేవాళ్ళు.

షో ఎంత దూరం వెళ్ళిందో చెప్పాలంటే 1873లో ల్యూక్‌మెయర్ అనే దిగుమతి వ్యాపారి డెల్మోనికోస్‌లో 72 మందికి ఇచ్చిన విందు చాలు. బల్ల మధ్యలో 30 అడుగుల చెరువు కట్టించి అందులో బ్రూక్లిన్ పార్కు నుంచి తెచ్చిన హంసల్ని వదిలారు, పైన బంగారు తీగల వల, బిల్లు 10,000 డాలర్లు. భోజనం మధ్యలో హంసలు రెక్కలు కొట్టుకుంటూ దెబ్బలాడుకున్నాయి కూడా. అప్పట్లో ఒక మామూలు కార్మికుడు ఏడాదంతా చాకిరీ చేస్తే వచ్చేది అటూ ఇటూగా 400, 500 డాలర్లు. అదే ఏడాది సెప్టెంబర్లో బ్యాంకులు కూలి దేశం మాంద్యంలో పడింది.

నాకు మాత్రం అందరికంటే ఆసక్తి మధ్యతరగతి వాళ్ళ మీద. గుమాస్తా, చిన్న షాపు ఓనరు, స్కూలు హెడ్మాస్టరు, వీళ్ళ ఇంట్లో ఉండేది ఒక్క పనమ్మాయి, చాలాచోట్ల ఐర్లండ్ నుంచి వచ్చిన పిల్ల. పన్నెండు కోర్సులు వీళ్ళకి కుదరవు గానీ ఆశ మాత్రం అదే. ఆ పిల్లే సూపు వండాలి, గబగబా ఏప్రాన్ మార్చుకుని తెల్లది కట్టుకుని హాల్లోకొచ్చి వడ్డించాలి, మళ్ళీ పరుగెత్తి చేప మాడకుండా చూసుకోవాలి, మేడమ్ మాత్రం అతిథుల ముందు వంటింట్లో ఇంకెవరో ఉన్నట్టు కూర్చోవాలి. ఈ బాధంతా అప్పటి గృహిణుల పత్రికల్లో సలహాల రూపంలో కనబడుతుంది.

వీళ్ళ దగ్గర సెలరీ కథ చూడండి. సెలరీ అంటే ఇప్పుడు సూపర్‌మార్కెట్లో ఎవరూ పట్టించుకోని కాడ. 1870ల్లో అది గొప్ప. కాడలు తెల్లగా, లేతగా రావాలంటే పెరిగే కొద్దీ చుట్టూ మట్టి ఎగదోస్తూ ఎండ తగలకుండా చూడాలి, చలికాలంలో నిలవ చెయ్యడం కష్టం, కాబట్టి రేటు ఎక్కువ. అందుకని పచ్చి కాడల్ని ఆకులతో సహా పొడవాటి గాజు వేజులో నిలబెట్టి బల్ల మధ్యలో పూలలాగా పెట్టేవాళ్ళు, ఇంటికొచ్చిన వాళ్ళకి ముందు అదే కనబడాలి. ఇక్కడ గాజు కంపెనీలకీ పండగే, సాదా రకం నుంచి కట్ గ్లాస్ దాకా వేజులు అమ్మారు. తర్వాత మిషిగన్‌లో కలమజూ ఊరి చుట్టూ డచ్ వలసదారులు నల్లటి బురద నేలల్లో సెలరీ ఎకరాలకి ఎకరాలు వేశారు, రైళ్ళలో కిటికీల దగ్గరికొచ్చి కట్టలు అమ్మారు, దేశమంతా పంపారు. రేటు పడింది, ప్రతివాడూ కొన్నాడు. వేజు పోయి 1890ల్లో పొడవాటి అడ్డ పళ్ళెం వచ్చింది, కాడలు నిలబడ్డం మానేసి పడుకున్నాయి. ఇప్పుడు ఆ వేజులు పాత సామాన్ల షాపుల్లో ఉంటాయి, కొనేవాళ్ళలో సగం మంది అవి పూలవి అనుకుంటారు.

జెల్లీ కథా ఇంతే. మెరిసే పారదర్శకమైన జెల్లీ అంటే దూడ కాళ్ళు గంటల తరబడి ఉడికించి, కొవ్వు తీసి, గుడ్డు తెల్లసొనతో తేర్చి, ఫ్లానెల్ సంచీలో చుక్క చుక్క వడగట్టాలి, అంటే ఇంట్లో ఖాళీ చేతులు ఉండాలి. పొడి జెలటిన్ వచ్చాక, 1897లో న్యూయార్క్ రాష్ట్రంలో లిరాయ్ అనే చిన్న ఊళ్ళో పెర్ల్ వెయిట్ అనే ఆయన జెల్లో తయారుచేశాక, వేడినీళ్ళు పోస్తే అయిపోయే పని అయింది. ఇంక పెద్దోళ్ళకి దాని మీద మోజు ఏముంటుంది. అరటిపండు 1876 ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌లో ఒక్కోటి తగరపు కాగితం చుట్టి 10 సెంట్లకి అమ్మారు, శతాబ్దం చివరికి స్టీమర్లలో గెలలు గెలలు దిగి తోపుడు బండి సరుకైపోయింది.

ఐస్ గురించి మద్రాసు చూసినవాళ్ళకి ఒక్క మాట. మెరీనా ఎదురుగా ఉన్న ఐస్ హౌస్, తర్వాత 1897లో వివేకానందుడు బస చేసిన బిల్డింగు, అది 1842లో బోస్టన్ దగ్గర చెరువుల్లో కోసి ఓడల్లో తెచ్చిన ఐస్ దాచడానికి కట్టిందే, ఫ్రెడరిక్ ట్యూడర్ వ్యాపారం. ఇక్కడ అది దొరలకీ జమీందార్లకీ మాత్రమే అందింది. అమెరికాలో అయితే 1880లకి కూలీ ఇంటావిడ కూడా వేసవిలో కొన్ని సెంట్లకి ఐస్ ముక్క కొనేది.

ఇప్పుడు కింద వైపు. సిటీలో పనికెళ్ళే మగాడి మధ్యాహ్నం చాలాచోట్ల సెలూన్‌లో గడిచేది, అంటే బార్. 5 సెంట్ల బీరు కొంటే "ఫ్రీ లంచ్", రొట్టె, జున్ను, హ్యామ్, ఉప్పు చేప, ఊరగాయలు. అన్నీ ఉప్పగా ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, దాహమేస్తే ఇంకో బీరు తాగుతాడు కదా. తిండి ఖర్చు చాలాసార్లు బీరు తయారుచేసే కంపెనీనే భరించేది. ఆడవాళ్ళు ఎక్కువగా అక్కడికి వెళ్ళేవాళ్ళు కాదు, పిల్లాడికి బకెట్ ఇచ్చి బీరు తెప్పించుకునేవాళ్ళు. 1896లో న్యూయార్క్‌లో రెయిన్స్ చట్టం తెచ్చి ఆదివారం భోజనంతో పాటు హోటళ్ళలో మాత్రమే మందు పొయ్యాలన్నారు. వెంటనే సెలూన్ వాళ్ళు పైన పది గదులు కట్టి హోటల్ బోర్డు పెట్టుకున్నారు, ఒకే ఎండిపోయిన శాండ్‌విచ్‌ని బల్ల మీద పెట్టడం, తీయడం, ఇంకో బల్ల మీద పెట్టడం. దాన్ని తిన్నవాడు లేడు.

గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు మన క్యారేజీ లాంటి రేకు డబ్బా పట్టుకెళ్ళేవాళ్ళు, అడుగున టీ, పైన రొట్టె మాంసం. 1900 ఎన్నికల్లో అధ్యక్షుడు మెకిన్లీ ప్రచారంలో "నిండు క్యారేజీ" ఒక ముఖ్యమైన నినాదం, గెలిచాడు.

పిల్లల పాలు మాత్రం దారుణం. సారాయి బట్టీల పక్కనే కొట్టం కట్టి, వాడేసిన మడ్డి తాగించిన ఆవుల పాలు, నీలంగా ఉంటే సుద్ద కలిపి అమ్మిన చరిత్ర న్యూయార్క్‌ది. 1858లోనే పత్రికలు బయటపెట్టినా ఏళ్ళ తరబడి సాగింది. 1893లో మేసీస్ షాపు భాగస్వామి నాథన్ స్ట్రాస్ పేదల పేటల్లో పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా వేడి చేసిన పాల కేంద్రాలు పెట్టాడు. వెన్న విషయంలో ఇంకో తమాషా, వెన్నకి బదులు కొవ్వుతో చేసే చవకైన మార్గరిన్ రాగానే పాడి రైతులు గోల చేసి 1886లో పౌండుకి 2 సెంట్ల పన్ను వేయించారు, న్యూ హాంప్‌షైర్ 1891లో మార్గరిన్‌కి గులాబీ రంగు వెయ్యాలని చట్టమే చేసింది, 1898లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. కొన్నవాడు పేదోడని రొట్టె మీదే కనబడాలన్నమాట!

దక్షిణాదిన లెక్క వేరు, అక్కడ క్లాస్ అంటే రంగు కూడా. బానిసత్వం పోయాక నల్లవాళ్ళలో చాలామంది పంటలో వాటా ఇచ్చే లెక్కన భూస్వామి పొలంలో పత్తి వేసేవాళ్ళు, భూస్వామి వాళ్ళ ఇంటి గుమ్మం దాకా పత్తే వెయ్యమంటాడు, కూరగాయల మడికి చోటుండదు, కొట్టులో పంట తాకట్టు మీద అప్పు. ఇచ్చేవి మొక్కజొన్న పిండి, ఉప్పు పంది కొవ్వు, మొలాసిస్ పాకం. 1895–96లో టస్కీగీ అనే నల్లవాళ్ళ విద్యాసంస్థ సాయంతో ప్రభుత్వం అలబామాలో చేసిన ఆహార పరిశీలనలో కనబడింది ఇదే. తర్వాత అదే తిండి వల్ల పెల్లాగ్రా అనే విటమిన్ లోపం రోగం దక్షిణాదంతా పాకింది.

శనివారం స్టేక్ రగడ అన్నానుగా. విల్బర్ ఆట్‌వాటర్ అనే కెమిస్టు ఆహారంలో క్యాలరీలు, ప్రొటీన్ లెక్కలు కట్టి, కార్మికులు ఖరీదైన కోతల మీద డబ్బు తగలేస్తున్నారు, అదే ప్రొటీన్ చవక మాంసంలో, బఠానీల్లో వస్తుంది అన్నాడు. ఆకుకూరలూ పళ్ళూ కూడా డబ్బు దండగ లెక్కలోనే పడ్డాయి, విటమిన్లు అప్పటికి ఎవరికీ తెలీదు. ఎమ్ఐటీలో డిగ్రీ తీసుకున్న మొదటి మహిళ ఎలెన్ రిచర్డ్స్ 1890లో బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ కిచెన్ తెరిచి, సన్న మంట మీద గంటల తరబడి ఉడికిన సూపులు, మొక్కజొన్న జావ, బఠానీ సూపు చవగ్గా అమ్మింది. సైన్సు ప్రకారం అన్నీ కరెక్ట్. కానీ ఉప్పూ కారం లేని ఆ తెల్లోళ్ళ చప్పిడి తిండి ఇటలీ వాళ్ళకీ, ఐరిష్ వాళ్ళకీ, యూదులకీ ఎక్కలేదు, ఇది తినిపించి నన్ను యాంకీని (న్యూ ఇంగ్లండ్ అమెరికన్‌ని) చెయ్యలేరని ఒకాయన మొహం మీదే అనేశాడు. యూజీన్ డెబ్స్ లాంటి కార్మిక నాయకుల అనుమానం ఇంకా సూటిగా ఉంది, మేము 10 సెంట్లకి బతకగలమని మీరు రుజువు చేస్తే ఓనరు జీతం కొయ్యడా? నా ఓటు డెబ్స్‌కే. 1902 మేలో న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో కోషర్ మాంసం (యూదుల మతాచారం ప్రకారం కోసింది) పౌండు 12 సెంట్ల నుంచి 18 సెంట్లకి పెరిగితే యూదు ఆడవాళ్ళు కొట్లు మూయించారు, కొన్నవాళ్ళ చేతుల్లోంచి మాంసం లాక్కుని వీధిలో పారేశారు, చివరికి రేటు 14కి దిగింది. వాళ్ళెవరూ బఠానీలు తిని సర్దుకుంటాం అనలేదు.

మూడో ప్రశ్న, మన వంట. అమెరికన్ వంట పుస్తకాల్లో కర్రీ అని పసుపు పొడి వేసిన తెల్ల సాసులు ముందు నుంచీ ఉన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. 1899లో రంజీ స్మైల్ అనే ఆయన లండన్ హోటల్ నుంచి న్యూయార్క్ వచ్చి ఫిఫ్త్ అవెన్యూలో షెర్రీస్‌లో చెఫ్‌గా చేరాడు, అది డెల్మోనికోస్‌కి ఎదురుగా ఉన్న పోటీ రెస్టారెంటు. కరాచీ వైపు మనిషి. తలపాగా, పట్టు బట్టలతో వచ్చి కర్రీ వడ్డిస్తుంటే సొసైటీ ఆడవాళ్ళు ఎగబడ్డారు, తర్వాత "ప్రిన్స్" అని కూడా చెప్పుకున్నాడు, పత్రికలు మోసేశాయి. సరిగ్గా అవే ఏళ్ళలో హుగ్లీ జిల్లా నుంచి వచ్చిన బెంగాలీ ముస్లిం వ్యాపారులు న్యూజెర్సీ సముద్రతీరాల్లో ఎంబ్రాయిడరీ గుడ్డలు మూటగట్టుకుని అమ్ముతూ, అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండేవాళ్ళు. వాళ్ళ వంట రుచి చూడ్డానికి ఎగబడిన పత్రిక ఏదీ నాకు కనబడలేదు.